బావ పోసిన కొవ్వొత్తులు

మా బావకి కోపం ముక్కు మీదే ఉంటుంది. నాకు నాలుక చివర ఉంటుంది. అందుకే మా ఇద్దరికీ క్షణం పడదు, రెండు రోజులు కనబడకపోతే తోచదు. మా అక్కని చేసుకున్న నాటినుంచీ ఆయన్ని ఆటపట్టించడం నా హక్కు, నన్ను కసరడం ఆయన హక్కు. పక్క వీధిలోనే ఉంటాను కాబట్టి ఇద్దరికీ అవకాశాలకి లోటు లేదు.

ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్. స్తంభం ఎక్కితే మనిషే మారిపోయేవాడు. కింద నిలబడ్డవాళ్ళ మీద అరుపులూ కేకలూ, పైన మాత్రం చేతులు ఎంత నిదానంగా కదిలేవో! ఒకసారి మా వీధిలోనే చూశాను. గాలివానలో తెగిన తీగని, ఏడుస్తున్న పసిపిల్లకి జడ వేస్తున్నంత ఓర్పుగా కలుపుతున్నాడు. "ఈ ఓర్పులో పావువంతు ఇంట్లో చూపించకూడదూ?" అని కిందనుంచి అరిచాను. పైనుంచే నన్ను తిట్టాడు. వీధి వీధంతా నవ్వింది.

అలాంటి మనిషి ఒక చలికాలం పొద్దున స్తంభం దిగుతూ కాలు జారి పడ్డాడు. మోకాలు దెబ్బతింది. కుడి మణికట్టు విరిగి అతుక్కుంది గానీ చేతిలో వణుకు మిగిలిపోయింది. ఇక స్తంభాలు ఎక్కొద్దని ఆఫీసు వాళ్ళు ఆయన్ని ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చోబెట్టారు. కరెంటు పోయిన ప్రతివాడూ ఫోను చేసి తిడతాడు. ఈయన "వచ్చేస్తుందండీ, వచ్చేస్తుంది" అనాలి. ఆ మాట ఎంత అలవాటైపోయిందంటే వీధిలో అందరూ ఆయనకి "వచ్చేస్తుంది మావయ్య" అని పేరు పెట్టేశారు. పిలిస్తే నవ్వేవాడు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని సగం తిని లేచిపోయేవాడు.

ఇంట్లో ఏ స్విచ్చి పాడైనా మా అక్క పక్కింటి అబ్బాయిని పిలిచేది. భయంతోనే పిలిచేది పాపం, మళ్ళీ ఏ స్టూలు మీదనుంచి పడతాడోనని. బావకి మాత్రం అది ఇంకోలా గుచ్చుకునేది. పక్కింటి అబ్బాయి స్క్రూడ్రైవరు తిప్పుతుంటే గుమ్మంలో నిలబడి, కుడి చెయ్యి జేబులో దాచుకుని చూసేవాడు. నాకది చూడబుద్ధయ్యేది కాదు.

ఈలోగా వాళ్ళమ్మాయికి పెళ్ళి కుదిరింది. ఆ పిల్లని నేను పిచ్చుక అంటాను. గుప్పెడు మనిషి, నోరు మూత పడదు. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. తోటి ఉద్యోగిని ఇష్టపడింది, రెండు వైపులా ఒప్పుకున్నారు. పెళ్ళి చలికాలంలో, సాయంత్రం పూట. ఒక పాత గోదాముని హాలుగా మార్చి అద్దెకిస్తున్నారు, అందులో. రిజిస్ట్రారు అక్కడికే వచ్చి సంతకాలు పెట్టిస్తానన్నాడు.

ఒక ఆదివారం అందరం కూర్చుని ఉండగా పిచ్చుక నిదానంగా అంది: "నాన్నా, నా పెళ్ళిలో కరెంటు దీపాలొద్దు."

"ఏంటీ? కరెంటోడి కూతురి పెళ్ళికి కరెంటొద్దా? ఆఫీసులో తలెత్తుకు తిరగనిస్తావా లేదా?" అన్నాడు బావ.

"పొద్దస్తమానం ట్యూబులైటు కిందే బతుకుతున్నాను నాన్నా. ఆ తెల్ల వెలుతురులో సూదిలో దారం ఎక్కించీ ఎక్కించీ కళ్ళు పోతున్నాయి. ఆ ఒక్క సాయంత్రం అది నా మొహం మీద పడకూడదు. కొవ్వొత్తుల మధ్యలోంచి నడిచి రావాలి. కొన్నవి కాదు. నువ్వు చేసినవి."

బావ తన చేతి వంక చూసుకున్నాడు. ఆ పిల్ల ఎందుకు అడిగిందో నాకు అర్థమైంది, ఆయనకీ అర్థమైంది. గొంతు సవరించుకుని, "మైనం ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవాలి" అన్నాడు. అంతే, ఒప్పుకున్నట్టే.

ఇక చూడాలి ఆ ఇంటి అవస్థ! చుట్టుపక్కల ఇళ్ళలోని ఖాళీ జామ్ సీసాలన్నీ అక్క వంటింట్లో చేరాయి. వాటి కాగితాలు గీకీ గీకీ నా గోళ్ళు అరిగాయి. పెద్ద గిన్నెలో నీళ్ళు కాగుతుంటే, అందులో చిన్న గిన్నె పెట్టి మైనం కరిగించడం. సీసా మధ్యలో ఒత్తి నిలబెట్టి, కరిగిన మైనం పోసి, చల్లారేదాకా కదపకుండా ఉంచడం. చెప్పడానికి ఇంతే. వణికే చేత్తో కాగే మైనం పోయడం ఎలా ఉంటుందో నేను చూశాను. మొదటి రోజు సగం మైనం బల్ల మీదే పడింది. వేళ్ళు బొబ్బలెక్కాయి. సాయం పట్టబోతే "చెయ్యి తియ్!" అని కసిరాడు. ఎడమ చేత్తో కుడి మణికట్టుని పట్టుకుని, ఊపిరి బిగబట్టి, మళ్ళీ పోశాడు. ఆ కాసేపూ మేమూ ఊపిరి తీసుకోలేదు.

"టీ తాగితే మైనం వాసన, తలంటుకుంటే మైనం వాసన. నా వంటిల్లు నాకు ఎప్పుడిస్తావయ్యా?" అని అక్క రోజూ గొణిగేది. గొణుగుతూనే ఆయన వేళ్ళకి మందు రాసేది.

పోయడం పట్టుబడ్డాక ఒత్తులతో తంటా వచ్చింది. నూలు ఒత్తి వేడి మైనం తగలగానే మెత్తబడి పక్కకి వాలిపోయేది. స్తంభాలు నిటారుగా నిలబెట్టడమే జీవితమంతా చేసినవాడికి వంకర ఒత్తి చూస్తే ఒళ్ళు మండదూ? రెండు రోజులు దాన్ని చూసి పళ్ళు నూరాడు. మూడో రోజు తన పాత సంచీ దులిపి మిగిలిపోయిన రాగి తీగలు బయటికి తీశాడు. సన్నటి పోగులు విడదీసి, ఒక్కో ఒత్తి మధ్యలో ఒక్కో పోగు పెట్టి పేనాడు. తీగ చివరని అడుగుదాకా దింపి, సీసా అడుగున చిన్న చుట్టలా చుట్టి కూర్చోబెట్టాడు. ఒత్తి సైనికుడిలా నిలబడింది.

"ఎలా ఉంది మరదలా?" అన్నాడు.

"ఎంతైనా లైన్‌మన్‌వి కదా బావా. కొవ్వొత్తికి కూడా లైను లాగేశావు," అన్నాను. పడ్డాక అంత గట్టిగా ఆయన నవ్వడం అదే మొదటిసారి.

ఒకటి వెలిగించి కూరగాయలు తరిగే చెక్క మీద పెట్టి చూశాం. చక్కగా, కదలకుండా మండింది. సగందాకా కాలాక, బాగుందనుకుని ఆర్పేశాం. అన్నీ అలాగే చేశాడు.

పెళ్ళికి వారం ముందు వియ్యపురాలు వచ్చింది. మంచి మనిషే, ఆచితూచి మాట్లాడుతుంది. వరసగా పేర్చిన సీసాలు చూసి మెచ్చుకుంది. తర్వాత మెల్లిగా అంది: "అన్నయ్యగారూ, ఇప్పుడు బ్యాటరీవి దొరుకుతున్నాయట. అచ్చం కొవ్వొత్తుల్లానే వెలుగుతాయి, భయం ఉండదు. హాల్లో అంతమంది ఉంటారు కదా."

బావ మొహం ఎర్రబడింది. "అమ్మా, నా చేతి పని మీద అనుమానమా మీకు?"

"అయ్యో, అనుమానం కాదండీ..."

"ఒక్కటి తేడా చేసినా నన్ను నిలదీయండి. అందరి ముందూ నిలదీయండి."

గొంతు అవసరానికి మించి పైకి లేచింది. అక్క గభాలున టీ కప్పులు తీసుకుని లోపలికి పోయింది. ఆవిడ కాసేపటికి వెళ్ళిపోయింది. బావ అన్న మాట మాత్రం మా అందరి గుండెల మీదా బరువులా కూర్చుంది. అక్కకి ఆ వారమంతా నిద్ర పట్టలేదు. ఏ చిన్న తేడా వచ్చినా ఈయన ఇక జన్మలో ఏ వస్తువూ ముట్టుకోడని దానికి తెలుసు, నాకూ తెలుసు.

పెళ్ళి రోజు చలి ఎముకలు కొరికింది. గోదాము గోడల వెంట రెండు వైపులా రాతి అరుగులు ఉన్నాయి, చెయ్యి పెడితే జివ్వుమంటున్నాయి. వాటి మీద దూది పరిచాం. మంచులా ఉండాలని పిచ్చుక కోరిక. దూది మీద సీసాలు సర్దాం, మధ్యమధ్య ఎండుకొమ్మలు, ఎండబెట్టిన పూలు. గుమ్మం దగ్గర పొట్టి సీసాలు, లోపలికి పోయేకొద్దీ పొడుగువి. పిల్ల ఆ రెండు వరసల మధ్యనుంచి నడిచి అటు చివర బల్ల దగ్గరికి వెళ్ళాలి. అక్కడ పెళ్ళికొడుకూ, రిజిస్ట్రారూ ఉంటారు. పిచ్చుక తనే కుట్టుకున్న తెల్ల గౌను నేల మీద జీరాడుతుంది, పైన ఉన్ని శాలువా.

జనం రాకముందే బావ అన్నీ వెలిగించాడు. ఏదీ మొరాయించకూడదని ముందుగానే, తొందరపడి. హాల్లో లైట్లు ఆర్పించాడు. అబ్బ, ఏం చెప్పను! పాత గోడలు బంగారు రంగుకి తిరిగాయి. వచ్చినవాళ్ళు వచ్చినట్టే గుమ్మంలో ఆగి "ఆహా" అంటున్నారు. వియ్యపురాలు నేరుగా బావ దగ్గరికొచ్చి, "నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను అన్నయ్యగారూ," అంది. బావ జేబులోంచి కుడి చెయ్యి తీసి ఆవిడకి నమస్కారం పెట్టాడు. అంతమందిలో ఆ చెయ్యి బయటికి తియ్యడం నేను చూడలేదు ఎప్పుడూ. నా కళ్ళు చెమర్చాయి.

అందరూ కూర్చున్నారు. పిల్ల బయట కారులో ఉంది, అక్క దాన్ని తీసుకురావడానికి వెళ్ళింది. గుమ్మం పక్కన దూది సర్దుతుంటే "టక్" మని చిన్న చప్పుడైంది. గవ్వ విరిగినంత చప్పుడు. చూస్తే ఒక పొట్టి సీసా కింద దూది తడిసి ఉంది. ముట్టుకుంటే కాలింది. సీసా అడుగు చుట్టూ సన్నటి బీట, అందులోంచి మైనం కారుతోంది.

ఊది ఆర్పేసి, కొమ్మ అడ్డం పెట్టి, బావకి సైగ చేశాను. కుంటుకుంటూ వచ్చాడు. "సీసా పాతదేమో బావా," అన్నాను.

ఆయన రుమాలుతో సీసాని పట్టుకుని పైకెత్తి అడుగు చూశాడు. రాగి చుట్ట ఉన్నచోట గాజు నల్లబడి ఉంది. పక్క సీసా ఎత్తాడు. దానికీ సన్నటి గీత. ఆ పక్కదానికీ. ఆయన మొహంలో రక్తం లేదు.

"తప్పు సీసాది కాదు," అన్నాడు. "తీగది."

"ఏ తీగ?"

"నేను పెట్టిన తీగ. మంట వేడంతా తీగ వెంట అడుక్కి దిగుతోంది. అడుగున చల్లటి రాయి. గాజు తట్టుకోదు."

"ఇంట్లో చూశాం కదా బావా!"

"వెచ్చటి వంటింట్లో, చెక్క మీద. అదీ సగమే." వరసల చివరిదాకా చూశాడు. "పొట్టివాటిలో మంట అడుక్కి దగ్గర, ముందు అవి పోతాయి. తర్వాత అన్నీ పోతాయి. కింద దూది పరిచాం."

జీవితమంతా కరెంటు ఏ తీగలోంచి ఎటు పోతుందో చూసిన మనిషి, వేడి ఎటు పోతుందో చూసుకోలేదు! ఇంకెవరికైనా అయితే రాగి తీగ పెట్టే ఆలోచనే వచ్చి ఉండేది కాదు.

అంతలో అక్క లోపలికొచ్చింది. "పిల్ల గుమ్మం దగ్గరుంది, తలుపు తియ్యమంటావా?" అంటూ మా మొహాలు చూసి ఆగిపోయింది. విషయం చెప్పాను. అక్క బావ చొక్కా పట్టుకుంది.

"ఒక్క పావుగంట. అది నడిచొస్తుంది, సంతకం పెడుతుంది. తర్వాత మనమే ఒక్కోటీ ఆర్పేద్దాం. ఎవరికీ తెలియక్కర్లేదు."

"గౌను అరుగు పక్కనుంచే పోతుంది," అన్నాడు బావ.

"నేను పక్కనే నడుస్తాను, పట్టుకుంటాను. ఏమీ కాదు. వద్దయ్యా, అందరి ముందూ వద్దు. మళ్ళీ నువ్వు..."

"మళ్ళీ పడిపోతానంటావు."

అక్క తల అడ్డంగా ఊపింది, నిలువుగా ఊపింది, ఏడ్చేసింది. అటు చూస్తే పావుగంటే. ఇటు చూస్తే దూది. వియ్యపురాలు ముందు వరసలో కూర్చుని మా వైపే చూస్తోంది. ఎవరో పాట పెట్టారు. ఆ పాట విని, ఇక రమ్మన్నారనుకుని, బయటున్నవాళ్ళు తలుపు తీసేశారు.

చల్లగాలి కొట్టింది. మంటలన్నీ ఒక్కసారి లోపలికి వాలాయి. గుమ్మంలో పిచ్చుక, మొహం నిండా నవ్వు. ఆ వెలుతురు చూసి దాని నోరు తెరుచుకుంది. కుడికాలు గడప లోపల పెట్టింది.

"ఆగు!"

బావ అరుపు గోదాము పైకప్పుకి తగిలింది. పిచ్చుక అలాగే ఆగింది, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. గౌను అంచు పట్టుకున్న దాని స్నేహితురాలు వెనకనుంచి వచ్చి గుద్దుకుంది.

"బయటికెళ్ళు తల్లీ. నేను వచ్చేదాకా లోపలికి రాకు."

పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది. బావ తలుపు మూసి, జనం వైపు తిరిగాడు. చెయ్యి ఇప్పుడు జేబులో లేదు, అందరికీ కనబడేలా వణుకుతోంది.

"ఈ కొవ్వొత్తులు చేసింది నేను," అన్నాడు. "నేను చేసిన తప్పు వల్ల ఇవి పగులుతున్నాయి. దయచేసి ఎవరి పక్కనున్నవి వాళ్ళు ఊదెయ్యండి. సీసాలు ముట్టుకోకండి, కాలుతుంది. గౌరవంగా అడుగుతున్నాను, ఊదెయ్యండి."

ఎవరూ కదల్లేదు. పెళ్ళికొడుకు మేనమామ కాబోలు, "అంత కంగారెందుకండీ, పగిలితే ఒకటి పగులుతుంది," అని నవ్వాడు. ఇంకెవరో కూడా నవ్వారు. నాకు ఒళ్ళంతా మండిపోయింది.

వియ్యపురాలు లేచింది. తేడా వస్తే అందరి ముందూ తనని నిలదియ్యమని బావే చెప్పాడు కదా. ఆవిడ ఆయన దాకా రాలేదు. తన పక్కనున్న సీసా మీదికి వంగి ఊదింది. తర్వాతది ఊదింది. అది చూసి మిగతావాళ్ళు మొదలుపెట్టారు. హాలంతా పొగ వాసన నిండింది, బంగారు రంగు ముక్కలు ముక్కలుగా ఆరిపోయింది. ఆఖరున గుమ్మం పక్కన ఒక్కటి మిగిలింది. నేను దాని దగ్గరికి చేరేలోపే "టక్" మంది, అడుగు ఊడి పడింది. కాగే మైనం దూది మీద పరుచుకుంది, జానెడు మంట లేచింది. చేతికందిన నీళ్ళ కూజా ఎత్తి కుమ్మరించాను. ఆ కంగారులో సగం నీళ్ళు నా మీదే ఒలికాయి. సరిగ్గా పిచ్చుక కాలు పెట్టిన చోటు పక్కనే అది. నవ్విన మేనమామ నోరు మూతపడింది.

ఎవరో లైట్లు వేశారు. ట్యూబులైట్లు రెండుసార్లు మినుకు మినుకుమని వెలిగాయి. తడి దూదీ, మసి పట్టిన గాజూ, ఎండుకొమ్మలూ. ఎంత వెలవెలబోయిందో అంతా! రిజిస్ట్రారు గడియారం చూసుకుని, "కానిద్దామా?" అన్నాడు. ఆయన్ని కూజాతో కొట్టాలనిపించింది.

బావ తలుపు తీసుకుని బయటికెళ్ళాడు. తడి చీరతో వణుకుతూ నేనూ వెళ్ళాను.

మెట్ల మీద పిచ్చుక శాలువా కప్పుకుని నిలబడి ఉంది. లోపల ఏం జరిగిందో దానికి తెలీదు. తలుపు సందులోంచి తెల్ల వెలుతురు దాని గౌను మీద పడింది. చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏమీ అడగలేదు.

"నీ ముచ్చట పాడు చేశాను తల్లీ," అన్నాడు బావ. "నీకు ఏ వెలుతురు వద్దో అదే వేశాం. ఒత్తుల్లో తీగ పెట్టడం నా బుద్ధి తక్కువ. ఈ చెయ్యి ఇక పనికిరాదని ఆఫీసు వాళ్ళకి తెలుసు, మీ అమ్మకి తెలుసు. నువ్వొక్కదానివి నమ్మావు. నమ్మకుండా ఉండాల్సింది."

పిచ్చుక ముక్కు చీదింది. ఆ పిల్లకి కోపం వస్తే అచ్చం వాళ్ళ నాన్నే.

"నువ్వు ఆగమన్నావు. ఆగానా లేదా?"

బావ తల ఊపాడు.

"ఎందుకని అడిగానా? నా పెళ్ళిలో, అందరి ముందూ, ఒక కాలు లోపల పెట్టి కూడా, నువ్వు ఒక్క మాట అనగానే ఆగిపోయాను. నిన్ను నమ్మకపోతే ఎందుకు ఆగుతాను నాన్నా?"

బావ ఆ మెట్ల మీదే, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. స్తంభం మీదనుంచి పడిన రోజు కూడా ఏడవని మనిషి. నేనూ ఏడ్చాను. ఇందులో సిగ్గుపడేదేముంది?

పిచ్చుక ఆయన ఏడుపు ఆగేదాకా వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. తర్వాత శాలువా అంచుతో ఆయన మొహం తుడిచి, "పద నాన్నా, చలేస్తోంది," అంది. తలుపు నేను తీశాను.